సర్ విలియం రోవన్ హామిల్టను జీవిత వృత్తాంతము

విద్యార్థులారా! బీజగణితపు పోటీ పరీక్షలలో నొక విధమగు ప్రశ్న తరచుగా వచ్చుచుండును. అందు రెండు సంఖ్యల నడుమ కూడిక గుర్తు గాని గుణకారపు గుర్తు గాని యుండదు. ఒక నక్షత్రపు గుర్తో, ఒక చిన్న వలయమో యుండును. ఆ గుర్తు కర్థ మిదియని ప్రశ్నలోనే యొక వాక్యమున చెప్పబడి యుండును. లెక్కలలో గట్టివారనిపించుకొన్న పిల్లలు సైతము దానిని చూచి తడబడుదురు. కొందరు, ఎన్నడును చూడని గుర్తుగదా యని భయపడి ప్రశ్ననే విడిచిపెట్టుదురు. మరికొందరు దాని యర్థమును చదివియు, తమకు తెలిసిన కూడిక గుణకారముల యలవాట్లనే దానికిని అంటగట్టి తప్పు చేయుదురు.

ఈ రెండవ తప్పు మందబుద్ధులు మాత్రమే చేయునది కాదు. గడచిన శతాబ్దమునకు ముందటి శతాబ్దములో, యూరపు ఖండమందలి గొప్ప గణితజ్ఞులలో నొకడు పదేండ్లకు పైగా ఇట్టి యలవాటునకు బద్ధుడై, ఒక సోమవారము నాడు కాలువ గట్టున నడుచుచుండగా దానినుండి విడివడెను. ఆయన పేరు సర్ విలియం రోవన్ హామిల్టను. ఆయన కథ తెలిసినవారికి నక్షత్రపు గుర్తు చూచి భయపడవలసిన పని యుండదు.

బాల్యము

హామిల్టను 1805వ సంవత్సరము ఆగస్టు 3, 4 తేదీల నడిమి అర్ధరాత్రమున ఐర్లండు దేశపు ముఖ్యపట్టణమగు డబ్లినులో జన్మించెను. తండ్రి ఆర్చిబాల్డు హామిల్టను న్యాయవాద వృత్తిలో నుండెను. తల్లి సారా హట్టను. తొమ్మండుగురు సంతానములో నితడు నాలుగవవాడు. సుమారు మూడేండ్ల ప్రాయముననే తలిదండ్రు లీ బాలుని ట్రిం అను చిన్న పట్టణమునకు పంపిరి. అది డబ్లినునకు వాయవ్యముగా సుమారు 30 మైళ్ల దూరమున బోయిన్ నది యొడ్డున నున్నది. అచట బాలుని పినతండ్రి జేమ్సు హామిల్టను దేవాలయ సేవ చేయుచు, ఒక పాఠశాలను నడుపుచుండెను. ఆయన బహుభాషావేత్త. బాలుని చదువంతయు నాయన చేతి మీదుగనే సాగెను.

ఐదేండ్లు నిండునప్పటికి హామిల్టనుకు లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలలో ప్రవేశము కలిగెను. తరువాత పారశీకము, అరబ్బీ, సంస్కృతము, హిందూస్థానీ మొదలగునవి నేర్చుకొనుటకు మొదలిడెను. మరాఠీ, బెంగాలీలు సైత మా పట్టికలో చేరినవి. ఈ తూర్పు భాషలు కుమారునికి ఈస్టు ఇండియా కంపెనీ కొలువునకు పనికివచ్చునని తండ్రి యాశించెను. ఆ యాశయే ఫలించియుండిన, ఆయన మన దేశమున నే జిల్లా కచ్చేరిలోనో దస్తావేజులు చదువుచు కాలము గడపియుండెడివాడు. అట్లు జరుగలేదు. 1817లో తల్లియు, 1819లో తండ్రియు మరణించిరి. పదునాలుగేండ్లకే తలిదండ్రులు లేనివాడైన ఆ బాలునికి చదువే యాధారమయ్యెను.

ఒక యోటమి

బాలుని మనస్సు భాషల నుండి లెక్కల వైపు తిరుగుటకు ఒక యోటమి తోడ్పడెను. అమెరికా దేశపు బాలు డొకడు, జెరా కోల్బర్ను అనువాడు, పెద్ద పెద్ద లెక్కలను నోటితోనే చేసి చెప్పుచు దేశదేశముల ప్రదర్శింపబడుచుండెను. 1813లో నతడు డబ్లినునకు వచ్చెను. అతనికి తొమ్మిదేండ్లు, హామిల్టనుకు ఎనిమిదేండ్లు. ఇరువురకును నోటిలెక్కలలో పోటీ పెట్టిరి. అంతవరకు ఎచటను వెనుకబడి యెరుగని హామిల్టను అందు స్పష్టముగా నోడిపోయెను.

ఓడినవాడు రెండు విధముల నడచుకొనవచ్చును. గెలిచినవానిని ద్వేషింపవచ్చును, లేక, వాడెట్లు గెలిచెనో తెలిసికొన గోరవచ్చును. హామిల్టను రెండవ మార్గమును పట్టెను. కొన్ని యేండ్లకు, 1820లో, ఆ యిరువురును మరల కలిసికొన్నప్పుడు కోల్బర్ను లెక్క చేయు పద్ధతులను అడిగి తెలిసికొని, వానిని పరిశీలించెను. లెక్కను త్వరగా చేయుటకన్న, ఆ పద్ధతి ఎందువలన సరియగునో ఎరుగుట ఆయనకు ముఖ్యమయ్యెను. ఈ గుణమే ఆయన జీవితమునంతటిని నడపినది.

విద్యాభ్యాసము, ఉద్యోగము

పదునేడేండ్లు రాకముందే ఆయన ఫ్రెంచి పండితుడగు లాప్లాసు రచించిన ఖగోళ యంత్రశాస్త్ర మహాగ్రంథమును చదువ నారంభించి, 1822లో అందలి యొక నిరూపణలో లోపమును కనుగొనెను. ఆ సంగతి ఐర్లండు రాజ జ్యోతిష్కుడగు జాను బ్రింక్లీ చెవిని పడెను. ఆయన ఈ బాలుని పిలిపించుకొని యాదరించెను. 1823లో హామిల్టను డబ్లినులోని ట్రినిటీ కళాశాలలో ప్రవేశ పరీక్షయందు మొదటివాడుగా నెగ్గి చేరెను. అచట గ్రీకు భాషలోను, గణిత సంబంధమగు భౌతికశాస్త్రములోను, అరుదుగా మాత్రమే ఇచ్చు అత్యుత్తమ శ్రేణిని పొందెను. రెండు విభిన్న విషయములలో నొకే విద్యార్థి దానిని పొందుట అందరకు నాశ్చర్యము కలిగించెను.

1827లో బ్రింక్లీ వదలిన పదవి ఖాళీ కాగా, ఇంకను పట్టపరీక్షకైనను కూర్చుండని హామిల్టనును ఖగోళశాస్త్రాచార్యునిగను, రాజ జ్యోతిష్కునిగను నియమించిరి. అప్పటికాయనకు ఇరువదిరెండేండ్లు నిండలేదు. అది మొదలు మరణపర్యంతము, ముప్పదియెనిమిదేండ్లు, డబ్లిను నగరమునకు కొలదిమైళ్ల దూరమున నున్న డన్సింకు నక్షత్రశాలయే ఆయనకు నివాసమయ్యెను. నక్షత్రములను దుర్భిణీతో చూచి లెక్కించుపని ఆయనకంత రుచింపలేదు. ఆ పనిని సహాయకులును, సోదరీమణులును చాలవరకు నిర్వహించిరి. ఆయన చూపు కాగితము మీదనే యుండెను.

కవిత్వమందును ఆయనకు మక్కువ మెండు. ఆంగ్ల కవియగు వర్డ్స్‌వర్తు ఆయనకు స్నేహితుడు. ఆ కవి ఆయన పద్యములను చదివి, శాస్త్రమునందే మీ ప్రతిభ యున్నది గాన దానిని విడువవలదని మృదువుగా హితవు చెప్పెను. మిత్రుని నొప్పింపక సత్యము చెప్పుట కష్టము. విని నొచ్చుకొనకుండుట అంతకన్న కష్టము. ఇరువురును ఆ పరీక్షలో నెగ్గి, చిరకాలము మిత్రులుగనే యుండిరి.

కాంతి కిరణములను గూర్చిన ఆయన సిద్ధాంతము ఆయనకు లోకప్రసిద్ధి తెచ్చెను. కొన్ని స్ఫటికములపై ఒకానొక దిశగా పడిన ఒంటి కిరణము, లోపల శంకువు ఆకారముగ విచ్చుకొనవలెనని ఆయన 1832లో లెక్క వలననే చెప్పెను. అంతకు ముందెవ్వరును దానిని కన్నులార చూచి యుండలేదు. ఆయన సహోద్యోగి హంఫ్రీ లాయిడు అదే సంవత్సరము ప్రయోగము చేసి అది నిజమని నిరూపించెను. 1834, 1835 సంవత్సరములలో చలనశాస్త్రమును గూర్చి ఆయన ప్రకటించిన రెండు వ్యాసములు నేటికిని భౌతికశాస్త్రమున మూలస్తంభములుగ నున్నవి. 1835లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1837లో రాయల్ ఐరిష్ అకాడమీకి అధ్యక్షుడయ్యెను. ఇంత కీర్తి వచ్చిన పిమ్మటనే, ఆయన పదేండ్లకు పైగా పరిష్కరింపలేక మనసున మోయుచుండిన సమస్య ఆయనను గట్టిగ పట్టుకొనెను.

తీరని సమస్య

ఆ సమస్య యేమో కొంచెము నిదానముగ వినుడు. ఏ సంఖ్యను దానిచేతనే గుణించినను ఋణసంఖ్య రాదు. అయినను, ఐ అను నొక కల్పిత సంఖ్యను గ్రహించి, ఐ×ఐ = −1 అని యొప్పుకొన్నచో, 1 + 2ఐ, 2 + 3ఐ వంటి జంట సంఖ్యలు పుట్టును. వీనిని సంకీర్ణ సంఖ్యలందురు. కాగితము మీద ఒక్కొక్క జంటయు ఒక బిందువు. ఆ బిందువునకు మూలమునుండి గల దూరమును సంఖ్య యొక్క పొడవు అందము. 1 + 2ఐ పొడవు యొక్క వర్గము 1 + 4, అనగా 5. 2 + 3ఐ పొడవు యొక్క వర్గము 4 + 9, అనగా 13. రెంటిని గుణించినచో −4 + 7ఐ వచ్చును. దాని పొడవు యొక్క వర్గము 16 + 49, అనగా 65. ఐదును పదుమూడును గుణించినను 65యే గదా! సంఖ్యలను గుణించినప్పుడు పొడవులును గుణింపబడును. ఇది చక్కని నియమము.

ఈ కల్పిత సంఖ్య యేమిటో స్పష్టముగ చెప్పగోరి, హామిల్టను 1833లో వానిని కేవలము సంఖ్యల జంటలుగ వివరించెను. జంటకు కూడిక యిట్లు, గుణకార మిట్లు అని నియమము చెప్పిన చాలును; కల్పన యను భయ మక్కరలేదు. పోటీ పరీక్షలో నక్షత్రపు గుర్తునకు అర్థము చెప్పుటయు నిట్టిదే.

జంటలు కాగితపు తలమునకు సరిపోయినవి. మనము బ్రతుకు లోకమునకు పొడవు, వెడల్పు, ఎత్తు అని మూడు కొలతలున్నవి. కావున మూడేసి సంఖ్యల త్రికములకును ఇట్టి గుణకారము దొరకవలెనని ఆయన తలంచెను. త్రికములను కూడుట, తీసివేయుట సులభము. గుణకారము మాత్రము కుదరలేదు. ఒక పొడవు నియమము చెడును, లేదా మరియొకటి చెడును.

1843 అక్టోబరు మొదటి దినములలో ఈ చింత మరింత హెచ్చెను. ఆయన కుమారులు విలియం ఎడ్విను, ఆర్చిబాల్డు హెన్రీ అప్పటికి తొమ్మిది, ఎనిమిది యేండ్ల పిల్లలు. ప్రతి యుదయమున తండ్రి ఫలహారమునకు వచ్చినప్పుడు, త్రికములను గుణింప వచ్చెనా యని వారడుగుచుండిరి. ఆయన విచారముతో తల యూపి, ఇంకను కూడుట, తీసివేయుట మాత్రమే తెలియునని చెప్పుచుండెను. ఈ సంగతిని ఆయనయే తన యంత్యకాలమున కుమారునికి వ్రాసిన జాబులో జ్ఞాపకము చేసికొనెను. యూరపంతయు కొనియాడు పండితుడు ఇంటి పిల్లలయెదుట దినదినము తన యసమర్థతను ఒప్పుకొనుట చూడుడు. తెలియనిదానిని తెలియదనుటకు ఆయన సిగ్గుపడలేదు.

త్రికములకు గుణకార మెందుకు కుదరదో మీరే లెక్క చేసి చూడవచ్చును. (1, 1, 1) అను త్రికము పొడవు యొక్క వర్గము 3. (1, 2, 4) అను త్రికమునకు 1 + 4 + 16, అనగా 21. పొడవు నియమము నిలువవలెనన్న, లబ్ధమునకు 63 రావలెను. కాని ఏ మూడు పూర్ణాంకముల వర్గములను కూడినను 63 రాదు. 49, 36, 25, 16, 9, 4, 1, 0 అను వర్గములతో ప్రయత్నించి చూడుడు. పూర్ణాంకముల త్రికములకు పూర్ణాంకముల త్రికమే లబ్ధముగ నిచ్చునట్టి గుణకార మేదియు నిచట నిలువజాలదు. ఈ చిన్న పరీక్షను ముందుగనే చేసియుండిన, ఆయన శ్రమ చాల తగ్గియుండెడిది.

కాలువ గట్టు

1843వ సంవత్సరము అక్టోబరు 16వ తేది సోమవారము. ఆనాడు అకాడమీ సభకు అధ్యక్షత వహించుటకై హామిల్టను నగరమునకు పోవుచుండెను. రాయల్ కాలువ గట్టు వెంబడి నడుచుచుండగా భార్య హెలెను పక్కన మాటలాడుచు వచ్చుచుండెను. ఆయన మనస్సు లోలోపల లెక్క చేయుచునే యుండెను.

అప్పటి కాయన ఐ వలెనే జె అను మరియొక కల్పిత సంఖ్యను గ్రహించి, జె×జె = −1 అనియు నంగీకరించి, మ + న×ఐ + ప×జె అను త్రికమును దానిచేతనే గుణించి చూచియుండెను. లబ్ధములో మొదటి భాగము మ² − న² − ప². రెండవది 2×మ×న ఐలు. మూడవది 2×మ×ప జెలు. ఈ మూడింటితో ముగిసిన పొడవు నియమము చక్కగ సరిపోవును. కాని చివర న×ప×(ఐ×జె + జె×ఐ) అను నొక తోక మిగులుచున్నది. ఆ తోక సున్న కావలెను.

గుణకారములో ఏది ముందైనను ఒకటే యని మనమందరమును చిన్ననాడే నేర్చుకొందుము. మూడు నాలుగులు పండ్రెండు, నాలుగు మూళ్లును పండ్రెండే. ఆ యలవాటు చొప్పున ఐ×జెయు, జె×ఐయు సమానమైనచో, తోక సున్న యగుటకు ఐ×జె సున్న కావలెను. కాని ఐ పొడవు ఒకటి, జె పొడవు ఒకటి. వాని లబ్ధపు పొడవును ఒకటియే కావలెను గదా! సున్న ఎట్లగును? ఒక నియమమును కాపాడబోయిన మరియొకటి చెడుచున్నది.

ఆయన ఆలోచన యిచట త్రోవ మార్చుకొనెను. ఐ×జె సున్న కానక్కరలేదు. జె×ఐ దానికి వ్యతిరేకమైన చాలును. రెండును కలిసి సున్న యగును. ఐ×జెకు కె అని పేరు పెట్టిన, జె×ఐ = −కె. మరి యీ కె యెవరు? అది ఐలోను ఇమడదు, జెలోను ఇమడదు. దానికొక ప్రత్యేక స్థాన మీయవలెను. అనగా మూడు సంఖ్యలు చాలవు, నాలుగు కావలెను. వంతెన దగ్గరకు వచ్చునప్పటికి ఆయనకీ సంగతి మెరుపువలె తోచెను. జేబులోని చిన్న పుస్తకమును తీసి యక్కడనే వ్రాసికొనెను. అంతతో తృప్తి చాలక, చాకుతో బ్రూమ్ వంతెన రాతిమీద ఐ² = జె² = కె² = ఐ×జె×కె = −1 అను సమీకరణమును చెక్కెను. ఆనాటి సభలోనే, వచ్చు సర్వసభ్య సమావేశమున దీనిపై వ్యాసము చదువుటకు అనుమతి కోరెను. నవంబరు 13న చదివెను. నాలుగేసి భాగములు గల యీ సంఖ్యలకు క్వాటర్నియనులని పేరిడెను. మన భాషలో చతుష్కములనవచ్చును.

మనము ముందు విడిచిన లెక్కను ఇప్పుడు మరల పట్టుకొందము. 1 + ఐ + జె అను దానిని 1 + 2ఐ + 4జె చేత గుణింపుడు. ఐ×జె వచ్చినచోట కె యనియు, జె×ఐ వచ్చినచోట −కె యనియు వ్రాయుడు. −5 + 3ఐ + 5జె + 2కె వచ్చును. 25 + 9 + 25 + 4 కూడిన 63! ముగ్గురకు కుదరనిది నలుగురకు కుదిరినది. ఇదే గుణకారమును ముందువెనుకలు మార్చి చేయుడు. −5 + 3ఐ + 5జె − 2కె వచ్చును. పొడవు మారలేదు, కె గుర్తు మాత్రము మారినది.

విడిచినదియు, నిలిపినదియు

హామిల్టను చేసిన సాహసమును మనము సరిగ గ్రహింపవలెను. ఆయన నియమములన్నిటిని పారవేయలేదు. గుణకారమున ముందువెనుకలు మార్చవచ్చునను స్థిత్యంతర న్యాయము నొక్కదానినే విడిచెను. మూడింటిని గుణించునప్పుడు ఏ రెంటిని ముందు జతచేసినను ఫల మొకటే యను సాహచర్య న్యాయమును కాపాడెను. ఆ న్యాయమునకు ఆంగ్లమున నిప్పుడు వాడుకలో నున్న పేరు పెట్టినవాడును ఆయనయే. పంచిపెట్టి గుణించు విభాగ న్యాయమును కాపాడెను. భాగహారమును, పొడవు నియమమును కాపాడెను. దేనిని విడిచిన తక్కినవన్నియు నిలుచునో దానిని మాత్రమే విడిచెను. విడువవలసినది తనకు బహుకాలముగ ప్రియమైనదైనను విడిచెను.

ఇది వింతయేమియు కాదు. బియ్యమును కడిగి వండుటయు, వండి కడుగుటయు నొకటియగునా? లోకములోని పనులనేకములు వరుస మారిన చెడును. పొడవు వెడల్పు ఎత్తులు గల లోకములో వస్తువులను త్రిప్పుటయు నట్టిదే. మీ పాఠ్యపుస్తకమును బల్లపై అట్ట మీదికి వచ్చునట్లు, పేరు చదువ వీలగునట్లు పెట్టుడు. ముందు దానిని బల్లమీదనే గడియారపు ముల్లు తిరుగు దిశగా పావు చుట్టు త్రిప్పి, పిమ్మట మీకు దూరమున నున్న యంచును పైకెత్తి నిలువబెట్టుడు. అట్ట మీవైపు చూచుచు, కుట్టు పైకి వచ్చును. మరల మొదటివలె పెట్టి, ముందు దూరపు టంచు నెత్తి నిలువబెట్టి, పిమ్మట పావు చుట్టు త్రిప్పుడు. ఈసారి పుస్తకము నిటారుగ నిలిచి, అట్ట మీ యెడమవైపునకు తిరిగి యుండును. చేసిన పనులు రెండే. వరుస మారగా ఫలము మారినది. చతుష్కములు ఇట్టి త్రిప్పుటలను లెక్కించుటకు తగిన సాధనములు.

ఆయన త్రోవ తెరచిన వెంటనే ఇతరులును నడచిరి. మిత్రుడు జాను గ్రేవ్సు 1843 డిసెంబరులోనే ఎనిమిదేసి భాగముల సంఖ్యలను కనుగొనెను. అచట స్థిత్యంతర న్యాయమే కాక సాహచర్య న్యాయమును చెడునని హామిల్టను మరుసటి సంవత్సరము చూపెను. గ్రేవ్సు తన ఫలితమును ప్రకటించుటకు ముందే, 1845లో, ఆర్థరు కేలీ అను నాంగ్లేయుడు వానిని స్వతంత్రముగ కనుగొని ప్రకటించెను. హామిల్టను తానే 1856లో ఇరువది మూలలు గల యొక ఘనాకృతి యంచుల వెంబడి ప్రయాణముల కొరకు మరియొక క్రొత్త గుణకారమును కల్పించి, దానినొక యాటగ మార్చి, 25 పౌనులకు ఒక వర్తకునికి అమ్మెను. ఆట అంగడిలో సాగలేదు గాని, ప్రతి మూలను ఒక్కసారి మాత్రమే తాకుచు పోవు త్రోవలకు నేటికిని ఆయన పేరే యున్నది.

పోటీ ప్రశ్నలకు ఈ కథ నేర్పు పాఠము

ఇప్పుడు నక్షత్రపు గుర్తు వద్దకు వత్తము. మ∗న = మ + న + మ×న అని చెప్పి, 1∗2∗3 అని మొదలిడి 9 వరకు పోయిన ఫలమెంత యని యడిగిరనుకొనుడు. మొదట చిన్న సంఖ్యలతో పరీక్షింపుడు. 1∗2 = 5. 2∗1యు 5. వరుస మారినను చెడలేదు. 5∗3 = 23. జత మార్చి 2∗3 = 11 చేసి, 1∗11 చేసినను 23. జత మారినను చెడలేదు. ఇక ఫలములను తేరిపార చూడుడు. 5కు ఒకటి చేర్చిన 6, అనగా 2×3. 23కు ఒకటి చేర్చిన 24, అనగా 2×3×4. ఈ నక్షత్రము మారువేషమున నున్న గుణకారమే! ప్రతి సంఖ్యకును ఒకటి చేర్చి గుణించి, చివర నొకటి తీసివేయుటయే దీని పని. కావున ఫలము 2 మొదలు 10 వరకు గల సంఖ్యల లబ్ధము కన్న ఒకటి తక్కువ. అనగా 3628800 − 1, లేక 3628799. ఇందు ఏ సంఖ్యను మార్చక యథాతథముగ నుంచునది 0; ఎందుకన మ∗0 = మ.

మరియొకటి చూడుడు. మ∗న అనగా రెండు సంఖ్యల సరాసరి యనుకొందము. వరుస మారినను సరాసరి యొకటే. కాని 2∗4 = 3, 3∗8 = 5½. జత మార్చి 4∗8 = 6, 2∗6 = 4. ఫలములు వేరు. ఇందు స్థిత్యంతర న్యాయమున్నది, సాహచర్య న్యాయము లేదు. హామిల్టను గుణకారమున సాహచర్య న్యాయమున్నది, స్థిత్యంతర న్యాయము లేదు. ఒకటి యున్నంతమాత్రమున రెండవదియు నుండునని తలంపరాదు.

కావున క్రొత్త గుర్తు కనబడినప్పుడు, దాని యర్థమును రెండుసార్లు చదువుడు. చిన్న సంఖ్యలతో పని చేయుడు. వరుస మార్చి చూడుడు. జత మార్చి చూడుడు. ఏ సంఖ్య దేనిని మార్చక విడుచునో వెదకుడు. పరీక్షింపని యలవాటును నియమమని నమ్మకుడు. పరీక్షించి నిలిచినదానిని మాత్రము నిస్సంకోచముగ వాడుకొనుడు.

చివరి దినములు

హామిల్టను తన శేషజీవితమగు ఇరువదిరెండేండ్లను ప్రధానముగ చతుష్కములకే యర్పించెను. 1853లో ఏడువందల పుటలకు మించిన యుపన్యాస గ్రంథమును ప్రకటించెను. అది చదువువారికి మిక్కిలి కఠినముగ తోచెను. ఇంత మేధను ఒకే విషయమున వ్యయము చేసెనని నిందించినవారును కలరు. గృహజీవితమున భార్య యనారోగ్యము వలన చిక్కులు కలిగెను. మధ్యవయస్సున మద్యపానపు బలహీనత ఆయన నంటెను. ఒకసారి దాని వలన నలుగురిలో తలవంపు కలుగగా, కొంతకాల మా యలవాటును పూర్తిగ మానెను గాని యెల్లకాలము నిలుపుకొనలేకపోయెను. ఒక యలవాటును మనస్సుతో గెలిచినవాడు మరియొకదానిని గెలువలేకపోవుట మన మానవస్వభావము. గొప్పవారి లోపములను దాచుట వలన పిల్లలకు మేలు కలుగదు.

1864లో, అమెరికా దేశపు జాతీయ శాస్త్ర పరిషత్తు విదేశీయులను సభ్యులుగ నెన్నుకొన్నప్పుడు ఆ పట్టికలో మొట్టమొదటి పేరు హామిల్టనుది. 1865 సెప్టెంబరు 2న, వాతరోగపు బాధతో ఆయన మరణించెను. డబ్లినులోని మౌంటు జెరోము శ్మశానవాటికలో సమాధి చేసిరి. చివరి వరకు వ్రాయుచుండిన గ్రంథమును, తండ్రిని ఫలహారపు బల్లకడ ప్రశ్నించుచుండిన కుమారులలో పెద్దవాడగు విలియం ఎడ్విను సవరించి 1866లో ప్రకటించెను.

పందొమ్మిదవ శతాబ్ది కడపట చతుష్కములు వెనుకబడి, వానినుండియే పుట్టిన సదిశల పద్ధతి పైకి వచ్చెను. వాని పని తీరినదని యనేకులు తలంచిరి. కాని వరుస మారిన ఫలము మారు గుణకారము 1925లో పరమాణు లోకపు నూతన యంత్రశాస్త్రమునకు మూలమయ్యెను. నేడు అంతరిక్షములో తిరుగు నౌక ఏ దిక్కునకు మొగమై యున్నదో లెక్కించుటకును, కంప్యూటరు తెరపై బొమ్మలను త్రిప్పుటకును చతుష్కములనే వాడుచున్నారు. ఆయనను నిందించినవారు తొందరపడిరని కాలము తీర్పు చెప్పినది.

వంతెన రాతిమీద ఆయన చెక్కిన యక్షరములు ఎండవానలకు అరగి మాసిపోయినవి. 1958లో ఆ చోట నొక శిలాఫలకము నిలిపిరి. 1990 మొదలు ప్రతి సంవత్సరము అక్టోబరు 16న గణితశాస్త్రాభిమానులు డన్సింకు నుండి బయలుదేరి ఆ కాలువ గట్టున నడచి వంతెన వరకు పోవు నాచార మేర్పడినది.

విద్యార్థులారా! మనకు కాలువ గట్టులకు కొదువలేదు. నడుచుటకు కాళ్లును కలవు. పరిష్కారము కాని లెక్కను మనస్సున నుంచుకొని నడుచు నోర్పు మాత్రము మనము సంపాదించుకొనవలసి యున్నది. ఇంటిలో తమ్ముడో చెల్లెలో, ఆ లెక్క వచ్చెనా యని యడిగిన, ఇంకను రాలేదని నవ్వుముఖముతో చెప్పి మరల కూర్చుండుడు.